మీ రిజాల్వర్ రూట్ సర్వర్లను ఎలా కనుక్కుంటుందో మీరే సరిచూసుకోండి

ఒక పాత కంప్యూటర్, అందులో ఉబుంటు లేదా డెబియన్, ఇంటర్నెట్ లైను, ఖాళీగా ఒక మధ్యాహ్నం. ఈ పనికి ఇంతకు మించి అక్కరలేదు. నేను నల్లగొండలో ఒక డిగ్రీ కళాశాల కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. ల్యాబ్‌లోని కంప్యూటర్లన్నిటికీ పేర్లు వెతికిపెట్టే రిజాల్వర్ మా గదిలోనే, కిటికీ పక్క బల్ల మీద ఉంది. విద్యార్థి ఒక వెబ్‌సైటు పేరు టైపు చేస్తే దాని ఐపీ చిరునామా, అంటే ఇంటర్నెట్‌లో ఆ యంత్రాన్ని గుర్తించే సంఖ్య, కనుక్కొచ్చేది ఆ పెట్టే. ఇలా పేర్లను చిరునామాలుగా మార్చే ఏర్పాటునే డీఎన్ఎస్ అంటారు. దానిని పెట్టుకోవడం పది నిమిషాల పని. అది మొదటి అడుగు ఎక్కడ వేస్తుందో తెలియకుండా పెట్టుకుంటే మాత్రం, ఆగిపోయిన రోజున ఎక్కడ వెతకాలో అర్థం కాదు. అందుకే ఈ వ్యాసంలో ఆ మొదటి అడుగు దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

ముందు చీటీ సంగతి

రిజాల్వర్‌కు పుట్టుకతో ఏ పేరూ తెలియదు. డాట్ ఇన్ ఎవరి దగ్గర ఉందో, డాట్ కామ్ ఎవరి దగ్గర ఉందో చెప్పగలిగేవి రూట్ సర్వర్లు. కానీ ఆ రూట్ సర్వర్లు ఎక్కడున్నాయో ఎవరిని అడగాలి? పేరు వెతకడం మొదలుపెట్టడానికే పేరు వెతకవలసి వస్తే పని కదలదు. అందుకని రిజాల్వర్ ప్రోగ్రాము రాసినవాళ్లు కొన్ని ఐపీ చిరునామాలను ముందే దాని చేతిలో పెట్టి పంపుతారు. ఆ జాబితానే హింట్స్ ఫైలు అంటారు.

మాది పాలమూరు జిల్లా. మా తాత మట్టిపనికి పుణె వైపు వెళ్లేటప్పుడు చొక్కా జేబులో ఒక చీటీ పెట్టుకొని వెళ్లేవాడట. అంతకుముందే అక్కడికి చేరిన మన ఊరివాళ్ల గుడిసెల గుర్తులు అందులో నాలుగైదు రాసి ఉండేవి. చీటీ రాసి ఏడాది అయ్యుండొచ్చు, ఒకరిద్దరు వేరే పని దగ్గరికి మారిపోయి ఉండొచ్చు. అయినా ఫరవాలేదు. ఒక్కరు దొరికితే చాలు, మిగిలినవాళ్లంతా ఇప్పుడు ఎక్కడున్నారో ఆయన చెబుతాడు. అప్పటినుంచి చీటీతో పనిలేదు, ఆయన చెప్పిందే లెక్క.

రిజాల్వర్ చేసేది సరిగ్గా ఇదే. తన దగ్గరున్న పాత జాబితాలోంచి ఒక చిరునామాను ఎంచుకొని, "రూట్ సర్వర్లు ఇప్పుడు ఏవి?" అని అడుగుతుంది. వచ్చిన జవాబును దాచుకుని, చేతిలోని జాబితాను పక్కన పెడుతుంది. దీనికి ప్రైమింగ్ అని పేరు. ఎలా చేయాలో 2017లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 8109 అనే ఇంటర్నెట్ నియమాల పత్రంలో రాసిపెట్టారు, 2025లో ఆర్ఎఫ్‌సీ 9609 దాని స్థానంలోకి వచ్చింది. చేతితో పంపు కొట్టేవాళ్లు పాత బోరింగులో నీళ్లు పైకి రావడానికి ముందు ఒక చెంబు నీళ్లు పోస్తారు కదా, ఇంగ్లీషులో ఆ పనికీ ఇదే మాట.

చీటీని తెరిచి చూడండి

ఉబుంటులో టెర్మినల్ తెరిచి రెండు ప్యాకేజీలు దించుకోండి: డీఎన్ఎస్ ప్రశ్నలు పంపే డిగ్ అనే పరికరం కోసం బైండ్9-డీఎన్ఎస్‌యుటిల్స్, జాబితా కోసం డీఎన్ఎస్-రూట్-డేటా. పేర్లన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే టైపు చేయాలి, నేను ఫోనులో చెప్పినట్టు చెబుతున్నాను.

రెండో ప్యాకేజీ జాబితాను యుఎస్ఆర్ లోపల షేర్, దాని లోపల డీఎన్ఎస్ అనే ఫోల్డరులో రూట్ డాట్ హింట్స్ అన్న పేరుతో పెడుతుంది. మామూలు టెక్స్టు ఫైలే. తెరిచి చూడండి. ఎ నుంచి ఎం వరకు ఒక్కో అక్షరంతో మొదలయ్యే 13 పేర్లు కనిపిస్తాయి. ప్రతి పేరుకు పాత పద్ధతిలో ఒక ఐపీవీ4 చిరునామా, కొత్త పద్ధతిలో ఒక ఐపీవీ6 చిరునామా. ఎ సర్వరుకు 198.41.0.4. కె సర్వరుకు 193.0.14.129. ఎం సర్వరుకు 202.12.27.33. ఈ 13 పేర్లను నడిపేవి 12 సంస్థలు, ఎందుకంటే ఎ, జె రెండూ వెరిసైన్ అనే అమెరికా కంపెనీ చేతిలోనే ఉన్నాయి. ఎం జపాన్‌లోని వైడ్ ప్రాజెక్టుది, ఇ అమెరికా అంతరిక్ష సంస్థ నాసాది, కె యూరప్‌లోని రైప్ ఎన్‌సీసీది.

13 దగ్గరే ఎందుకు ఆగారని మా విద్యార్థులు ప్రతి ఏడాదీ అడుగుతారు. పూర్వం ఒకే ప్యాకెట్టులో వెళ్లే జవాబు (ఈ పద్ధతిని యూడీపీ అంటారు) 512 బైట్లు దాటకూడదనే నియమం ఉండేది. ఆ కొలతలో పట్టే పేర్లు, చిరునామాలు అన్నే. అలాగని ప్రపంచం మొత్తానికి 13 యంత్రాలే ఉన్నాయని అనుకోకండి. మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రి చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. చెట్టు ఒక్కటే, నేలలోకి దిగిన ఊడలు లెక్కలేనన్ని, అసలు మొదలు ఏదో వేలుపెట్టి చూపలేం. ఒకే ఐపీ చిరునామాను వందల చోట్ల యంత్రాలు ప్రకటించుకుంటాయి, మీ ప్యాకెట్టు నెట్‌వర్క్ దారిలో దగ్గరగా ఉన్నదానికి చేరుతుంది. ఎనీకాస్ట్ అనే ఈ ఏర్పాటు వల్ల నేడు ప్రపంచమంతటా 1,500కు పైగా చోట్ల రూట్ సర్వర్లు పనిచేస్తున్నాయి. మన దేశంలోనూ ఉన్నాయి.

ఫైలులో బి సర్వరు వరుసను ప్రత్యేకంగా చూడండి. అక్కడ 170.247.170.2 ఉంటే మీ జాబితా కొత్తది. 199.9.14.201 ఉంటే అది 2023 నవంబరు 27కు ముందుది, ఆ రోజే బి చిరునామా మారింది. 192.228.79.201 ఉంటే 2017 అక్టోబరు మార్పుకు ముందుది. ఒక జాబితా వయసు తెలుసుకోవడానికి నేను చూసే మొదటి గుర్తు ఇదే. హెచ్ 2015 డిసెంబరు 1న, డి 2013 జనవరి 3న మారాయి. ఇన్నేళ్లలో మార్పులు ఇంత తక్కువ కాబట్టే, పదేళ్లనాటి జాబితాతో మొదలైన రిజాల్వర్ కూడా ఇంకా నిలబడగలుగుతోంది.

రిజాల్వర్ అడిగే ప్రశ్నను మీరే అడగండి

ఇప్పుడు టెర్మినల్‌లో ఇలా టైపు చేయండి: డిగ్, ఖాళీ, ఎట్ గుర్తుకు ఆనించి 198.41.0.4, ఖాళీ, ఒక చుక్క, ఖాళీ, ఎన్ఎస్, ఖాళీ, ప్లస్ గుర్తుకు ఆనించి నోరెకర్స్. ఆ ఒంటరి చుక్కే రూట్ పేరు. ఎన్ఎస్ అంటే ఆ పేరుకు బాధ్యత వహించే సర్వర్ల జాబితా. చివరి మాటకు అర్థం, "నీకు తెలిసింది చెప్పు, నాకోసం వేరొకరిని అడగవద్దు" అని.

ఎంటర్ కొట్టగానే వచ్చే దాంట్లో నాలుగు విషయాలు చదవండి. హడావిడి పడవద్దు, ఈ తెర అంతా మీకు కొట్టినపిండి కావాలి.

ఫ్లాగ్స్ అన్న వరుసలో ఏఏ అనే రెండక్షరాలు ఉండాలి. జవాబిచ్చినది ఆ సమాచారానికి అసలు యజమాని అని దాని అర్థం. ఆన్సర్ దగ్గర 13 ఉండాలి. అడిషనల్ దగ్గర 27 కనిపిస్తుంది: 13 ఐపీవీ4, 13 ఐపీవీ6, ఇంకొకటి పెద్ద ప్యాకెట్లు ఒప్పుకొనే ఏర్పాటుకు సంబంధించినది. ఇదంతా కలిపి 800 బైట్లకు పైన ఉంటుంది, అంటే పాత 512 హద్దు ఎప్పుడో దాటిపోయింది. అందుకే మీ రూటరు గానీ ఫైర్‌వాల్ గానీ 512 దాటిన డీఎన్ఎస్ ప్యాకెట్లను పారేస్తుంటే ప్రైమింగ్ అక్కడే తడబడుతుంది. డీఎన్ఎస్ వాడే పోర్టు 53ను యూడీపీకే కాక, పెద్ద జవాబులను ముక్కలుగా తెచ్చే టీసీపీ పద్ధతికి కూడా తెరిచి ఉంచండి.

నాలుగోది ప్రతి పేరు పక్కన కనిపించే అంకె, 518400. సెకన్లలో రాశారు కాబట్టి అది సరిగ్గా ఆరు రోజులు. రిజాల్వర్ ఈ జాబితాను అన్నాళ్లు దాచుకోవచ్చు, గడువు ముగిశాక మళ్లీ అడగాలి. హింట్స్ ఫైలులో అదే చోట 3600000 అని ఉంటుంది, దాదాపు 42 రోజులు. ఆ రెండు అంకెలు ఒకటి కాకపోవడం చూసి కంగారు పడకండి. ఫైలులోని గడువును రిజాల్వర్ పట్టించుకోదు, సర్వరు చెప్పిన గడువునే పాటిస్తుంది.

ఇదే ప్రశ్నను కె, ఎం చిరునామాలకూ పంపి చూడండి. ఎవరిని అడిగినా అవే 13 పేర్లు రావాలి. రిజాల్వర్ కూడా ఎప్పుడూ ఎ దగ్గరికే వెళ్లదు. జాబితాలో ఏదో ఒకదాన్ని గుడ్డిగా ఎంచుకోవాలని నియమం, భారమంతా ఒకరి మీదే పడకుండా.

జవాబు చివర వచ్చే క్వెరీ టైము, అంటే జవాబుకు పట్టిన సమయం, చూస్తే ఎంత దూరం నుంచి వచ్చిందో ఊహించవచ్చు. పదుల మిల్లీసెకన్లలో వస్తే దగ్గర్లోనే ఉండొచ్చు, రెండు వందలు దాటితే సముద్రం దాటి వెళ్లి ఉండొచ్చు.

మధ్యలో ఎవరైనా జవాబిస్తున్నారా

చాలామంది వదిలేసే పరీక్ష ఇది. నాకు ఒక వారం రోజులు తిప్పలు పెట్టింది కూడా ఇదే.

కొన్ని ఇంటర్నెట్ లైన్లలో, మీరు ఏ చిరునామాకు డీఎన్ఎస్ ప్రశ్న పంపినా దానిని మధ్యలోనే పట్టుకొని, సరఫరాదారు సొంత రిజాల్వర్ జవాబు చెబుతుంది. ప్యాకెట్టు మీద మాత్రం 198.41.0.4 నుంచి వచ్చినట్టే ఉంటుంది. ఒకప్పుడు మా ల్యాబ్ లైనులో ఇదే జరిగింది. అప్పుడు నేను జవాబు వచ్చిందా లేదా అనే చూశాను గానీ, ఎవరిచ్చారని చూడలేదు. ఆ తర్వాత జవాబుల మీది డిజిటల్ సంతకాలు సరిపోక కొన్ని సైట్లు తెరుచుకోవడం మానేశాయి.

కనుక ఈ ప్రశ్న అడగండి: డిగ్, ఎట్ గుర్తుతో 198.41.0.4, డబ్ల్యు మూడుసార్లు మొదలుపెట్టి డాట్ కామ్‌తో ముగిసే ఏదైనా వెబ్‌సైటు పేరు, ప్లస్ నోరెకర్స్. నిజమైన రూట్ సర్వరుకు ఆ వెబ్‌సైటు ఐపీ తెలియదు. "నాకు తెలియదు, డాట్ కామ్ చూసుకునేవాళ్లు వీళ్లు, వెళ్లి అడుగు" అనే చెబుతుంది. అంటే ఆన్సర్ సున్నా, అథారిటీ 13. అలా కాక నేరుగా ఐపీ చిరునామా చేతికి వచ్చిందంటే మధ్యలో ఎవరో ఉన్నారు. ఫ్లాగ్స్‌లో ఆర్ఏ అనే అక్షరాలు కనిపించినా అనుమానించండి. "నేను నీ తరఫున వెతికిపెడతాను" అన్నది దాని అర్థం, రూట్ సర్వర్లు ఆ పని చేయవు.

మన లిపితోనూ ఒకసారి చేసి చూడండి, నాకు ఇది ఎంతో ఇష్టం. తెలుగులో రాసిన డాట్ భారత్ కూడా రూట్ జాబితాలో ఉంది. యంత్రాల మధ్య దాని పేరు ఎక్స్ఎన్, రెండు అడ్డగీతలు, ఆపైన ఎఫ్‌పీసీఆర్‌జే9సీ3డీ. ఎన్ఎస్ అడిగితే దానిని చూసుకునే సర్వర్ల పేర్లు అథారిటీ భాగంలో వరుసగా వస్తాయి. మా విద్యార్థుల ముందు ఈ ప్రశ్న వేసినప్పుడు ల్యాబ్ అంతా నా తెర చుట్టూ చేరింది.

మధ్యలో పట్టుకోవడం జరుగుతుంటే రిజాల్వర్ అమరికలు ఎన్ని మార్చినా లాభం లేదు. ముందు లైను ఇచ్చినవాళ్లతో మాట్లాడి మీ కనెక్షనుకు అది తీయించండి. రాతపూర్వకంగా అడిగి, రెండు తెరల ఫోటోలు జతచేస్తే పని త్వరగా అవుతుంది.

అన్‌బౌండ్‌కు పని అప్పగించండి

ఇక్కడ చకచకా వెళ్దాం. అన్‌బౌండ్ అనే రిజాల్వర్ ప్యాకేజీని దించుకోండి. ఈటీసీ ఫోల్డరులో అన్‌బౌండ్, దానిలో అన్‌బౌండ్ డాట్ కాన్ఫ్ డాట్ డి అనే ఫోల్డరు ఉంటుంది. అందులో ల్యాబ్ డాట్ కాన్ఫ్ అని కొత్త ఫైలు తెరవండి. మొదటి వరుస సర్వర్, పక్కనే కోలన్. దాని కింద ఇంటర్‌ఫేస్ అన్న మాటతో రెండు వరుసలు: ఒకదానికి 127.0.0.1, ఇంకోదానికి ఈ కంప్యూటర్ ల్యాబ్ చిరునామా, ఉదాహరణకు 192.168.1.10. అన్ని చిరునామాలకూ కలిపి 0.0.0.0 రాయకండి. ఉబుంటులో 127.0.0.53 మీద ఇంకో సేవ పోర్టు 53ను ముందే పట్టుకొని ఉంటుంది, రెండూ ఢీకొంటాయి. తర్వాత యాక్సెస్-కంట్రోల్ వరుసలో 192.168.1.0/24, పక్కన అలౌ. ల్యాబ్ బయటివాళ్లకు ఈ తలుపు ఎన్నడూ తెరవకండి. రూట్-హింట్స్ వరుసలో ఇందాక చూసిన ఫైలు దారి. చిట్టాలో ఎంత వివరంగా రాయాలో చెప్పే వెర్బాసిటీ వరుసలో 2.

రూట్-హింట్స్ వరుస రాయకపోయినా అన్‌బౌండ్ నడుస్తుంది, ఎందుకంటే జాబితా ప్రోగ్రాములోనే కలిసి వస్తుంది. నేను మాత్రం రాస్తాను. ఫైలు వేరుగా ఉంటే, ప్రోగ్రాము పాతదైనా జాబితాను కొత్తగా ఉంచుకోవచ్చు.

ఒక హెచ్చరిక. మీ అమరికల్లో ఎక్కడైనా ఫార్వర్డ్-జోన్ అని ఉండి, దాని పేరు దగ్గర ఒంటరి చుక్క ఉంటే ఈ కథంతా వృథా. అప్పుడు అన్‌బౌండ్ ప్రతి ప్రశ్ననూ ఇంకొకరికి అప్పగిస్తుంది, రూట్ గడప తొక్కదు.

అన్‌బౌండ్-చెక్‌కాన్ఫ్ నడిపి తప్పులు లేవని చూసుకోండి. సేవను తిరిగి మొదలుపెట్టి, జర్నల్‌సీటీఎల్ తో అన్‌బౌండ్ చిట్టాను ఒక కిటికీలో తెరిచి ఉంచండి. ఇంకో కిటికీలో డిగ్‌తో 127.0.0.1ను ఏదైనా పేరు అడగండి. అప్పుడు చిట్టాలో ప్రైమింగ్ అన్న మాట, పక్కన ఒక చుక్క, ఎన్ఎస్ కనిపిస్తాయి. కాసేపటికే ప్రైమింగ్ సక్సెస్‌ఫుల్ అని వస్తుంది. సేవ మొదలైన క్షణంలోనే రాలేదని కంగారు పడకండి. అన్‌బౌండ్ మామూలుగా తొలి ప్రశ్న వచ్చేదాకా రూట్ జోలికి వెళ్లదు, అవసరం పడ్డాకే అడుగుతుంది.

ఇప్పుడు 127.0.0.1నే ఒంటరి చుక్క, ఎన్ఎస్ అడిగితే అవే 13 పేర్లు, ఫ్లాగ్స్‌లో ఏడీ అక్షరాలతో వస్తాయి. సంతకం సరిచూశానని అన్‌బౌండ్ హామీ అది. చిట్టా చూడటం అయ్యాక వెర్బాసిటీని 1కి దించండి, లేదంటే డిస్కు నిండుతుంది.

గడియారం దగ్గర జాగ్రత్త

సంతకం అన్నాను కదా. రూట్ జాబితాకు డిజిటల్ సంతకం ఉంటుంది, దానిని సరిచూసే తాళంచెవి మీ యంత్రంలో ముందే ఉంటుంది. 2018 అక్టోబరు 11 నుంచి సంతకాలకు వాడుతున్న చెవి సంఖ్య 20326. దాని తర్వాత రాబోయే 38696ను 2025 జనవరి 11న రూట్‌లో ప్రకటించారు. అన్‌బౌండ్ ఈ మార్పును తనంతట తానే నేర్చుకుంటుంది, మీరు చెవులను చేత్తో రాయకండి. తాత చీటీ పట్టుకొని వెళ్లి తలుపు తట్టినప్పుడు, తెరిచినవాడు నిజంగా మన ఊరివాడేనా అని మాట తీరును బట్టి పోల్చుకోవడం లాంటిది ఇది.

ప్రతి సంతకానికీ మొదలు తేదీ, ముగింపు తేదీ ఉంటాయి, ఆ మధ్య గడువు కొన్ని రోజులే. అంటే మీ యంత్రం గడియారం తప్పితే సరైన సంతకం కూడా చెల్లదు.

ఒక జూన్‌లో, వేసవి సెలవుల తర్వాత కళాశాల తెరిచిన రోజున మా ల్యాబ్‌లో ఒక్క సైటూ తెరుచుకోలేదు. లైను బాగుంది, 198.41.0.4కు డిగ్ పంపితే 13 పేర్లూ వస్తున్నాయి. అన్‌బౌండ్‌ను అడిగితే మాత్రం ప్రతిదానికీ సర్వ్‌ఫెయిల్, అంటే జవాబు ఇవ్వలేనని. గంటన్నర గడిచాక, ఏమీ తోచక తేదీ చూద్దామని డేట్ అని టైపు చేశాను. తెర మీద 2009 జనవరి. రెండు నెలలు కరెంటు లేక మదర్‌బోర్డు మీది గుండ్రటి సెల్లు చచ్చిపోయింది, యంత్రం పుట్టినరోజుకు వెళ్లిపోయింది. సమయాన్ని ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుందామంటే సమయ సర్వరు పేరు వెతకాలి. పేరు వెతకాలంటే సంతకం చెల్లాలి. సంతకం చెల్లాలంటే సమయం కావాలి.

దీనికి మందు రెండు చోట్ల వేయండి. సీఆర్2032 సెల్లు మార్చండి, ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణంలో ఎక్కడైనా దొరుకుతుంది. ఆపైన ఈటీసీ, సిస్టమ్‌డీ, టైమ్‌సింక్‌డీ డాట్ కాన్ఫ్ ఫైలు తెరిచి, సమయ సర్వరును రాసే ఎన్‌టీపీ అన్న చోట పేరు కాక ఐపీ రాయండి. నేను గూగుల్ సమయ సర్వరు 216.239.35.0 రాశాను. అప్పుడు గడియారం డీఎన్ఎస్ మీద ఆధారపడదు, ఆ వలయం తెగిపోతుంది. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న యంత్రాల్లో చాలావాటికి సెల్లే ఉండదు కాబట్టి, వాటిలో రిజాల్వర్ పెట్టేవాళ్లు ఈ పని తప్పనిసరిగా చేయాలి.

సంతకాల పరిశీలన నిజంగా జరుగుతోందని తెలుసుకోవడానికి డీఎన్ఎస్‌సెక్-ఫెయిల్డ్ డాట్ ఆర్గ్ అడగండి. కావాలని చెడగొట్టి పెట్టిన పేరు అది. మీ రిజాల్వర్ సర్వ్‌ఫెయిల్ అనాలి. ఐపీ చిరునామా ఇచ్చిందంటే పరిశీలన జరగడం లేదు.

ఏడాదికోసారి

హింట్స్ ఫైలును రోజూ దించుకునేలా పెట్టిన అమరికలు చూశాను. అంత అవసరం లేదు. మీరు ఉబుంటు నవీకరణలు చేస్తుంటే డీఎన్ఎస్-రూట్-డేటా ప్యాకేజీతో కొత్త జాబితా దానంతట అదే వస్తుంది. నవీకరణలు ఆగిపోయిన యంత్రమైతే ఇంటర్‌నిక్ డాట్ నెట్‌లోని డొమైన్ ఫోల్డరులో నేమ్‌డ్ డాట్ రూట్ అనే ఫైలును ఏడాదికోసారి దించుకోండి, చాలు. దించాక బి వరుస చూసి, తర్వాతే పాతదాని స్థానంలో పెట్టండి. దించేటప్పుడు తెగిపోయి ఖాళీ ఫైలు వస్తే, దానినే పెట్టేసి సేవను తిరిగి మొదలుపెట్టినవాళ్లు ఉన్నారు.

మా రిజాల్వర్ పెట్టె మూత లోపలివైపు ఒక కాగితం అంటించాను. దాని మీద 198.41.0.4, 193.0.14.129, 202.12.27.33, కింద ఎర్ర పెన్నుతో "ముందు తేదీ చూడు", దాని కింద చివరిసారి సరిచూసిన రోజు. నేను సెలవులో ఉన్నప్పుడు ల్యాబ్ ఆగితే, అక్కడున్నవాళ్లు ఆ మూత తెరిచి మొదటి చిరునామాకు డిగ్ పంపుతారు.